మడత విప్పిన చెయ్యి

పుచ్చపాదులు పిందె మీదున్న రోజుల్లో నా భార్య కాలికి పార తగిలింది. పెద్ద గాయమేమీ కాదు. మడమ పక్కన చర్మం లేచింది. గుడ్డ చుట్టుకుని ఆ పూటంతా కలుపు తీసింది.

"డాక్టరుకి చూపించుకో" అన్నాను.

"పార తగిలిందని డాక్టరు దగ్గరికి పోతే, రేపు చీమ కుట్టినా పోవాలి" అంది.

నేను రెండోసారి చెప్పే రకం కాదు. మూడోసారి చెప్పినా వినే రకం ఆమె కాదు.

వారం తిరక్కుండానే కాలు పిక్క దాకా ఉబ్బింది. ఒళ్ళు కాలిపోయింది. ఒక పొద్దున నన్ను చూసి ఎవరో పరాయివాణ్ణి పలకరించినట్టు "ఎవరు కావాలండీ?" అంది. ఆమె తమ్ముడు ఎవరిదో వ్యాను పట్టుకొచ్చాడు. ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకు చూసిన డాక్టరు ఇక కూర్చోలేదు. విషం రక్తంలోకి పాకిందన్నాడు, బీపీ పడిపోతోందన్నాడు. నలుగురు కలిసి ఆమెను రెండు రెక్కల తలుపు లోపలికి తోసుకుపోయారు. ఆమె చెప్పులు నా చేతిలో ఉండిపోయాయి.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, ఆమె, ఆమె తమ్ముడు. మాకు పిల్లల్లేరు. వాళ్ళమ్మ పోయేనాటికి వాడికింకా పాలపళ్ళు. మా పెళ్ళయి ఆమె నా ఇంటికొచ్చినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వాడూ వచ్చాడు. ఇప్పుడు మోటార్లు, పంపులు బాగుచేస్తాడు. మంచి పనివాడు. కాకపోతే నోటికి విశ్రాంతి ఇవ్వడు. అందరూ వాణ్ణి రేడియో అంటారు. "వీడికి ఆపే మీట పెట్టడం మరిచిపోయారు" అంటుంది వాళ్ళక్క. నాకేమో మోగించే మీటే పెట్టలేదని కూడా అంటుంది.

మా ఇద్దరి మాటలూ ఆమె మీదుగా నడిచేవి. "మీ తమ్ముణ్ణి తోటలో ఫిల్టరు కడగమను" అనేవాణ్ణి, వాడు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుండగా. "నిన్ననే కడిగానని బావకి చెప్పక్కా" అనేవాడు వాడు. ఆమె ఇద్దరివైపూ చూసి, "ఇద్దరూ విన్నారుగా, ఇక నేను తిననా?" అనేది.

ఆమె లోపల ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం బయట వరండాలో ఒకే బల్లకి చెరొక చివర కూర్చున్నాం. చెప్పించడానికి మనిషి లేదు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పంపేవాళ్ళు. చెప్పులు విడిచి, మోచేతుల దాకా కడుక్కుని వెళ్ళాలి. బయట ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకి అంటుకునేది. లోపల మాత్రం ఒళ్ళు జలదరించే చల్లదనం. మంచానికి తలవైపు ఒక కమ్మి నిలబెట్టి, దానికి చిన్న చిన్న పెట్టెలు ఒకదాని కింద ఒకటి బిగించారు. ఒక్కో పెట్టెలో ఒక సిరంజి అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని వెనకనుంచి మర నెడుతూ ఉంటుంది. నెడుతున్నట్టు కంటికి తెలియదు. పుచ్చకాయ ఊరుతున్నట్టే. పొద్దున చూసి మళ్ళీ సాయంత్రం చూస్తే తేడా కనబడుతుంది.

అన్నిటికన్నా పై పెట్టెలో ఉన్నది బీపీని నిలబెట్టే మందు. దాని సన్నగొట్టం ఆమె మెడ పక్కనుంచి లోపలికి పోయింది. మెడ దగ్గర గొట్టానికి ఒక ఎర్ర చీటీ అంటించారు.

ఆ గదిలో ఒక సిస్టరు ఉండేది. సన్నటి మనిషి. నవ్వితే పైపన్ను ఒకటి పక్కకి వాలినట్టు కనబడేది. డ్యూటీలోకి రాగానే ఆమె ఎవర్నీ పలకరించేది కాదు. ముందు పై పెట్టె దగ్గరికి పోయి, సిరంజి మీద ఒక చెయ్యి ఆనించి, రెండోచేతి రెండు వేళ్ళ మధ్య గొట్టాన్ని పట్టుకుని, అలా నడుపుకుంటూ మెడ దాకా వచ్చేది. అతుకు వచ్చిన చోట వేళ్ళు ఆగేవి. తర్వాత కింది పెట్టె. దాని తర్వాత దాని కిందిది. దారానికి ముడి ఉందేమో చూసుకుంటూ పోయే మనిషిలా ఉండేది. దారం సిస్టరు అని మనసులో పేరు పెట్టుకున్నాను. ఒకసారి బావమరిది ముందు నోరు జారాను. ఆ పేరు వాడు అందరికీ పంచిపెట్టాడు.

వాడు రెండోరోజే ఆమెను కదిలించాడు. "ఏం సిస్టరు, పైపు పొడుగు కొలుస్తున్నారా?"

"ఏది ఎక్కడికి పోతోందో చూసుకుంటున్నా."

"నిన్న చూశారుగా?"

"నిన్నటిది నిన్నటితోనే పోయింది" అంది వేళ్ళు ఆపకుండానే.

సిరంజిలో మందు అయిపోవచ్చేటప్పుడు జరిగే తంతు ఇంకోటి. అయిపోయాక కొత్తది పెట్టరు. ముందే రెండో పెట్టెలో నిండు సిరంజి సిద్ధం చేసి, దాన్ని నడవనిచ్చి, అది సరిగ్గా అందుకున్నాకే పాతదాన్ని ఆపుతారు. ఆ కాసేపూ ఇంకో సిస్టరు వచ్చి పక్కన నిలబడి, బీపీ చూపించే తెర మీద అంకెనే చూస్తూ ఉంటుంది. ఇద్దరూ మందు పేరూ, ఎంత పోవాలో అదీ పైకి చదువుకుంటారు, ఒకరు చదివింది ఇంకొకరు మళ్ళీ చదువుతారు.

"మందు ఆగితే ఏమవుతుందమ్మా?" అని అడిగాను ఒక సాయంత్రం.

ఆమె నావైపు తిరిగింది. నేను మాట్లాడగలనని అప్పుడే తెలిసినట్టుంది. "ఈ మందు ఒంట్లో కాసేపు కూడా నిలవదు పెద్దాయనా. ఆగితే బీపీ దిగిపోతుంది. ఎక్కువ పోతే పైకి లేచిపోతుంది. రెండూ ప్రమాదమే."

ఇంకోరోజు కుర్ర డాక్టరొకాయన ఏదో ఇంజెక్షన్ చేత్తో పట్టుకుని, ఎర్ర చీటీ ఉన్న గొట్టంవైపు వంగాడు. "ఆ దారిలో వద్దు సార్" అంది ఆమె, గొంతు పెంచకుండా. "గొట్టంలో ఉన్న మందంతా ఒక్కసారే లోపలికి పోతుంది." ఆయన నాలుక్కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె వేరే చోటు చూపించింది. అంతటితో అయిపోయింది. ఆ మాట మీద ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

మాకు కూడా ఆమె ముందే చెప్పింది. "పెట్టె కూసినా, కళ్ళ ముందు ఏం కనబడినా, చెయ్యి పెట్టకండి. నన్ను పిలవండి."

"మోటార్లు చూసేవాణ్ణి సిస్టరు, మీకేం భయం లేదు" అన్నాడు బావమరిది.

"అందుకే మీకు రెండుసార్లు చెప్తున్నా" అంది.

ఆమె చిన్నగా నవ్వింది. వాడు పెద్దగా నవ్వాడు.

ఆ సాయంత్రం మమ్మల్ని లోపలికి పిలిచేసరికి, నా భార్యకు ఒళ్ళు తుడిచి అప్పుడే పక్కకి తిప్పి పడుకోబెట్టారు. మంచం పక్కన అడ్డంగా ఉండే కమ్మి ఎత్తి బిగించారు. దారం సిస్టరు గొట్టం మీద చెయ్యి వెయ్యబోతోంది. అంతలో పక్క మంచం ముసలాయన ఊపిరి కోసం ఎగబడ్డాడు. ఆమె అటు పరిగెత్తింది. నేను గోడవైపు నిలబడ్డాను. వాడు కమ్మివైపు నిలబడ్డాడు.

కాసేపటికి పై పెట్టె కూసింది. తెర మీద అంకె దిగుతోంది. వందకి పైన ఉన్నది తొంభై అయింది, ఎనభై అయింది, ఇంకా దిగుతోంది. నా భార్య పెదవులు పాలిపోయాయి.

"సిస్టరూ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఇదిగో, ఇక్కడ మడత పడింది" అన్నాడు వాడు. కమ్మి కింద సన్నగొట్టం నొక్కుకుపోయి రెండుగా మడిచినట్టుంది. వాడి చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. కమ్మిని ఒకచేత్తో లేపి, రెండోచేత్తో గొట్టాన్ని లాగి, బొటనవేలితో సాపు చేశాడు. ఎంత చక్కగా చేశాడంటే, చూసేవాడికి ముచ్చటేస్తుంది.

అంకె ఆగింది. పైకి తిరిగింది. నేను ఊపిరి వదిలేలోపే వంద దాటింది. అక్కడ ఆగలేదు. నూటయాభై దాటి, రెండువందలు దాటి పోతూనే ఉంది. నా భార్య కళ్ళు తెరుచుకున్నాయి. చెయ్యి తలమీదికి పోయింది. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఆ మూలుగు నేను ఇంతవరకూ ఏ మనిషి దగ్గరా వినలేదు.

అప్పటికి దారం సిస్టరు వచ్చేసింది. పెట్టె ఆపింది. నాడి మీద వేలు పెట్టింది. అంకె మీదే కళ్ళు పెట్టి డాక్టరుని పిలిచింది. రెండోచేతి వేళ్ళు గొట్టం మీద నడుస్తూ ఉన్నాయి. గొట్టం సాపుగా ఉంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరైనా గొట్టం ముట్టుకున్నారా?"

"లేదు" అన్నాడు వాడు.

నేను నా భార్య ముఖం చూస్తున్నాను. మమ్మల్ని బయటికి పంపేశారు.

అంకె మళ్ళీ దిగిందనీ, దిగుతుండగానే పెట్టెను కొద్దికొద్దిగా మళ్ళీ నడిపించారనీ, ప్రాణానికి ముప్పు తప్పిందనీ తర్వాత చెప్పారు. వాడు వచ్చి బల్లమీద కూర్చున్నాడు. కాసేపటికి వాడికి మాట వచ్చింది. రావడమే తప్పుదారిన వచ్చింది. "పైపు కమ్మి కింద పెట్టేసి ఆ సిస్టరు పక్క మంచానికి పోయిందా లేదా? మా బావా చూశాడుగా? ఇంకాస్తుంటే అక్కని చంపేసేది." వరండాలో ఉన్న ప్రతి మనిషికీ ఆ మాట చెప్పాడు. చెప్పేకొద్దీ వాడి గొంతు గట్టిపడింది. మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్ళి కూడా అదే చెప్పాడు.

లోపల వాళ్ళకి దొరికిన సంగతి ఇది. పెట్టె కూసిందంటే గొట్టం ఎక్కడో మూసుకుపోయింది. సిస్టరు వచ్చి చూసేసరికి తెరుచుకుని ఉందంటోంది. దానంతటది తెరుచుకోదు. అంటే కంగారులో ఆమే లాగేసి ఉంటుందనుకున్నారు. దారం సిస్టరు తాను విప్పలేదంది. కానీ మనిషిని తిప్పాక గొట్టం చూడకుండా పక్కకి పోయానని ఒప్పుకుంది. అలా ఒప్పుకున్నాక, మొదటి మాట ఎవరూ నమ్మలేదు. ఆమెను ఆ గదినుంచి తీసేశారు. అసలు ఉద్యోగంలో ఉంచాలా వద్దా అన్నది పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారని ఆయా చెప్పింది.

నిజం చూసింది నేనొక్కణ్ణే. వాణ్ణి పక్కన పెడితే.

చెప్పేస్తే ఒక్క మాట. ఆ మాట నేను చెబితే, వాడు మా గుమ్మం దిగి మళ్ళీ రాడని నాకు తెలుసు. వాడికి పౌరుషం ఎక్కువ. లోపల ఆమె కళ్ళు తెరిచి మొదట అడిగేది వాణ్ణే. నాకు ఇంకోటి కూడా తెలుసు. వాడు కమ్మివైపు నిలబడ్డాడు. నేను గోడవైపు నిలబడ్డాను. చోట్లు తారుమారైతే ఆ గొట్టం మీద ఉండేది నా చెయ్యే. మడత కనబడితే ఆగే చేతులు కావు మావి. జీవితమంతా పైపుల మధ్యే బతికాం.

ఆ తర్వాతి రోజు నా భార్య కాలికి కట్టు మార్చే మందు తెమ్మని కింద గదికి పంపారు. అక్కడ దారం సిస్టరు ఒక మేస్త్రీ అరిచేతికి కట్టు కడుతోంది. నన్ను చూసి లేవబోయి, కట్టు చేతిలో ఉందని ఆగింది.

"అమ్మగారికి బీపీ మందు ఎంతకొచ్చింది?" అని అడిగింది. నేను తిన్నానా, బాగున్నానా అని కాదు. తన సంగతీ ఎత్తలేదు.

"తగ్గించలేదమ్మా. అలాగే ఉంచారు. ఎందుకు పెరిగిందో తేలేదాకా భయంగా ఉందంటున్నారు."

ఆమె తలూపి కట్టు ముడివేసింది. మేస్త్రీ వెళ్ళాడు. నేను పోలేదు.

"మడత విప్పితే బీపీ అంతలా ఎందుకు లేస్తుందమ్మా?"

"మడత పడినా పెట్టె నెట్టడం మానదు కదా పెద్దాయనా. మందు మడత వెనక బిగుసుకుని ఉంటుంది. ఊరికే విప్పితే అదంతా ఒక్కసారే మనిషిలోకి పోతుంది. ముందు పక్కదారి తెరిచి ఆ బిగువు బయటికి వదలాలి. మడత సంగతి ఆ తర్వాత." ఆమె ఆగింది. "ఎందుకు అడుగుతున్నారు?"

"మా తోటలో పైపులూ అంతే" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. మందు పొట్లం నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అంది.

తర్వాతి పొద్దున ఇద్దరం తోటకి పోయాం. ఆసుపత్రిలో మనిషి ఉందని పాదులకి దాహం ఆగదు. వాడు మోటారు వేశాడు. నేను వరసల వెంట నడిచాను. ఎగువ వరసలు తడుస్తున్నాయి, దిగువ వరసలకి చుక్క లేదు. మలుపు దగ్గర ఎవరిదో బండిచక్రం ఎక్కినట్టుంది. పెద్ద పైపు మడతపడి, వెనకవైపు ఉబ్బి, అతుకు దగ్గర సన్నగా నీళ్ళు చిమ్ముతోంది.

నేను పిలవలేదు. వాడే చూశాడు. గబగబా వచ్చి వంగాడు. చెయ్యి పైపు మీద పెట్టాడు.

"మోటారు ఆడుతోంది" అన్నాను.

నేను వాడితో నేరుగా అన్న మాట అది. చాలా కాలానికి.

వాడి చెయ్యి ఆగిపోయింది. అందరికీ వాడు చెప్పే మాటే అది. మోటారు ఆపకుండా మడత విప్పొద్దు, అతుకు పేలి మొహాన కొడుతుందని ఎంతమంది రైతులను తిట్టాడో లెక్కలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పైపులోంచి నీళ్ళు చిమ్ముతూ వాడి చొక్కా తడుపుతున్నాయి. నేను పోయి మోటారు ఆపేశాను. వచ్చేసరికి వాడు గట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు చూశావు కదా బావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని."

వాడు పుచ్చాకు ఒకటి తుంచి, చేతిలో నలిపి, పారేశాడు. ఆ ఉదయం వాడు ఇంకేమీ మాట్లాడలేదు. రేడియో మూగబోతే ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. నాకు బాగుండలేదు.

పైపు సాపుచేసి, నీళ్ళు పెట్టి, ఇంటికొచ్చి వాడు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆసుపత్రిలో నేరుగా పెద్ద సిస్టరు గదికి పోయాడు. నా భార్య ఉన్న గదికంతటికీ ఆవిడే పెద్ద. కళ్ళద్దాలు గొలుసుకి కట్టుకుని మెడలో వేసుకుంటుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాడు మాటలకి వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళు నమిలాడు.

"ఆ పైపు... ఆ రోజు... నేనేనండి. మడత నేనే విప్పాను. ఆ సిస్టరు కాదు. ముట్టుకోవద్దని ఆవిడ చెప్పింది కూడా. రెండుసార్లు."

పెద్ద సిస్టరు కళ్ళద్దాలు పెట్టుకుని వాణ్ణి చూసింది. "ఈ మాట ఆ సాయంత్రమే చెప్పి ఉంటే మీ అక్కకి మందు తగ్గించడం అప్పుడే మొదలుపెట్టేవాళ్ళం. కారణం తెలియక భయపడి కూర్చున్నాం." తర్వాత నావైపు తిరిగింది. "మీరూ అక్కడే ఉన్నారుగా?"

"ఉన్నానమ్మా."

ఆవిడ కళ్ళద్దాలు తీసి మెడలో వదిలేసింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

కింద గదికి కబురు పోయింది. దారం సిస్టరు పైకి వచ్చింది. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయింది సిస్టరు. మిమ్మల్ని ఊరంతా తిట్టాను."

"విన్నాను" అంది. "గొంతు బాగా వినబడుతుంది మీది." ఆగి, "తిప్పాక చూసుకోకపోవడం నా తప్పే. అది మీరు చెప్పినా చెప్పకపోయినా నాదే" అంది. పెద్ద సిస్టరు అవునంది. ఆ మాట ఆమెని తప్పించడానికి అన్నది కాదు, ఇరికించడానికీ కాదు. దారం సిస్టరుని మళ్ళీ నా భార్య ఉన్న గదిలోనే వేశారు, ఇద్దరూ కలిసి అక్కడికే పోయారు. ఆ రోజునుంచి ఆ గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనిషిని తిప్పాక, మంచం కమ్మి ఎత్తాక, గొట్టం మీద చివరిదాకా చెయ్యి నడిపేదాకా ఎవరూ మంచం వదలకూడదు. పక్క మంచం కూస్తే, ఇంకొకరు పోవాలి.

వాడు ఊరుకోలేదు. గట్టి పైపు ముక్క కోసి, వేడిచేసి వంచి, గొట్టం కమ్మి కింద పడకుండా పట్టుకునే కొక్కెం ఒకటి చేసి తెచ్చాడు. అరిచేతిలో పెట్టుకుని చూపించాడు. బాగానే చేశాడు. పెద్ద సిస్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఇలాంటివి పెట్టకూడదు బాబూ" అని తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు అది మా ఇంటి గోడకి ఉంది. తాళంచెవులు తగిలిస్తాం.

మందు తగ్గించడం మొదలైంది. ఒక మెట్టు దిగడం, ఆగడం, అంకె చూడడం, మళ్ళీ ఒక మెట్టు. నా భార్య కళ్ళు తెరిచి గది చూసింది. నీళ్ళు అడిగింది. పాదులు ఎలా ఉన్నాయంది. ఒక పొద్దున పై పెట్టె ఆపేశారు. బావమరిది "ఇక గొట్టం తీసేయొచ్చుగా?" అన్నాడు, చేతులు వెనక్కి కట్టుకునే.

"గొట్టంలో ఇంకా కొంచెం మందు ఉంది" అంది దారం సిస్టరు. "కడగడానికి సెలైను నెట్టామనుకోండి, అదంతా లోపలికి పోతుంది. అందుకే వెనక్కి లాగేస్తాను." ఖాళీ సిరంజి తగిలించి మెల్లగా వెనక్కి లాగింది. తర్వాతే కడిగింది. వాడు నావైపు చూశాడు. నేను తలూపాను.

ఇంటికొచ్చేనాటికి కాయలు కోతకొచ్చాయి. తోటలో పాక నీడన మంచం వేసి, కాలు కింద దిండు పెట్టి ఆమెను కూర్చోబెట్టాం. మనిషి సగమైంది. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు. కాయ వాయించి చూసి, "ఇది పచ్చిదిరా, దీన్ని ఎందుకు కోశావు?" అని తమ్ముణ్ణి కసిరింది.

వాడు కాయ కింద పెట్టి, ఆమె మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. అడగకుండానే చెప్పేశాడు. కమ్మి, మడత, తన చెయ్యి, తన అబద్ధం, అన్నీ. ఈసారి నీళ్ళు నమలలేదు. అయినా పొడిపొడిగానే చెప్పాడు.

ఆమె విని, చేత్తో కణత నొక్కుకుంది.

"గుర్తుంది" అంది. "తల పగిలిపోయినట్టయింది. దానికి ముందు ఒక చెయ్యి కనబడింది, గొట్టం మీద. మసగ్గా." నావైపు తిరిగింది. "అది నీ చెయ్యే అనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ."

నేను ఆమె కాలి కింద దిండు సరిచేశాను.

"పైపు కనబడితే ఊరుకోవుగా నువ్వు. అడిగితే అన్నం మానేసి కూర్చుంటావని అడగలేదు. అక్కడ ఎవరికైనా తెలిస్తే నిన్ను ఏమంటారోనని నోరు మూసుకున్నాను. మందు తగ్గించకముందు ఒక రాత్రి కాస్త మెలకువ వచ్చినప్పుడు సిస్టరొకామె అడిగింది కూడా, ఆ రోజు ఏమైనా చూశావా అమ్మా అని. మగతలో ఉన్నాను, ఏం చూడలేదన్నాను."

వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను నా చేతులు చూసుకున్నాను. మట్టి పట్టిన గోళ్ళు, పైపులు పట్టి గట్టిపడిన వేళ్ళు. వాడి చేతులూ అలాగే ఉంటాయి. మసకలో ఎవరైనా పొరబడతారు.

"ముగ్గురం కలిసి ఆ పిల్లని ముంచేవాళ్ళం" అంది ఆమె. కాసేపు పాదుల వంక చూసి, "మంచి కాయ ఒకటి ఏరి పెట్టండి. కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడు నేనే ఇస్తాను. చెప్పాల్సిందీ నేనే చెప్పుకుంటాను" అంది.

దిగువ వరసలో నీళ్ళు సన్నబడ్డాయి. వాడు లేచి పోయి, పైపు వెంట చూసుకుంటూ, మడత పడిన చోట వంగి ఆగాడు.

"బావా, మోటారు ఆపు" అని కేకేశాడు. అక్కతో కాదు. నాతోనే.

"ఆపుతున్నా. అతుకు చూడు, జారినట్టుంది" అన్నాను.

మంచం మీద ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నన్ను అడక్కుండానే మాట్లాడుకుంటున్నారే" అంది.

నేను మోటారు ఆపాను. తోటంతా నిశ్శబ్దమైంది. వాడు మడతకి ఎగువనున్న పక్కమూత తిప్పి, బిగువంతా నీళ్ళయి కారిపోయేదాకా ఆగాడు. అప్పుడు మడత విప్పాడు. విప్పి, అక్కడ వదిలిపెట్టి రాలేదు. రెండు వేళ్ళు పైపు మీద ఆనించి, అతుకు అతుకు దగ్గరా ఆగుతూ, చివరి పాదు దాకా నడిచాడు.